పోకర్: ముక్కల కంటే ముందు పందెం

[దృశ్యం: పర్లాకిమిడిలో ఒక ఇంటి అరుగు. చాప మీద పేక కట్ట, నలుగురి ముందు చింతపిక్కల కుప్పలు.]

కుమార పూర్ణిమ నాడు పేక ముట్టడం ఒడిశాలో ఆనవాయితీ కాబట్టి, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగువారికి రమ్మీ, మూడు ముక్కలాట ఒకరు నేర్పనక్కరలేదు. పోకర్‌లో వారికి కొత్తగా తోచేది పందెం తీరు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025లో చట్టం చేసి నిషేధించింది, ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టం ఎలాగూ ఉంది. కనుక ఇక్కడ మన నాణేలు చింతపిక్కలే.

టెక్సాస్ హోల్డెమ్ పద్ధతిలో, జోకరు లేని 52 ముక్కల కట్టలోంచి ఒక్కొక్కరికి రెండేసి మూసి పంచుతారు. తరువాత అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, పిదప ఒకటి, చివర మరొకటి తెరిచి పెడతారు. ఈ ఏడింటిలో మేలైన ఐదే లెక్క.

మూడు ముక్కలాట అలవాటున్నవారు తడబడేది ఇక్కడే. అక్కడ వరుస ముక్కలు కలర్‌ను, అంటే ఒకే గుర్తున్న మూడు ముక్కలను, ఓడిస్తాయి. ఇక్కడ ఒకే గుర్తున్న ఐదు ముక్కలు, అంటే ఫ్లష్, వరుసను ఓడిస్తుంది. ఐదు ముక్కల్లో వరుస 10,200 రకాలుగా పడగలదు, ఫ్లష్ 5,108 రకాలుగానే పడుతుంది. అరుదైనదానికే విలువ ఎక్కువ. అక్కడ అన్నిటికంటే పెద్దదైన ట్రయల్, అంటే ఒకే విలువ గల మూడు ముక్కలు, కూడా ఇక్కడ వరుస కంటే చిన్నదే.

పంచేవారి ఎడమనున్న ఇద్దరు ముందుగానే చిన్న బ్లైండు, పెద్ద బ్లైండు కాయాలి. ఇవి తప్పనిసరి పందేలు. మూడు ముక్కలాటలో ముక్కలు చూడకుండా మనం ఇష్టపడి ఆడే బ్లైండుకూ వీటికీ పొత్తు లేదు. ఆపై నాలుగు విడతల్లో ఎవరి వంతు వచ్చినప్పుడు వారు కాయవచ్చు, సరిసమానంగా వేయవచ్చు, పెంచవచ్చు, లేదా ముక్కలు పడేయవచ్చు. మిగిలినవారంతా పడేస్తే, చేతిలో ఏమీ లేకపోయినా పందేలు పోగైన కుప్ప మొత్తం మీకే, ముక్కలు చూపనక్కరలేదు.

[దృశ్యం: చేతిలో ఇస్పేటు ఆసు, తొమ్మిది. చాప మీద ఇస్పేటు రాజు, నాలుగు, ఆఠీను రెండు, డైమండు జాకీ.]

ఇంకొక్క ముక్క తెరవాలి. ఇస్పేటు పడితేనే మీకు గెలుపు అనుకుందాం. కనబడని 46 ముక్కల్లో ఇస్పేట్లు 9, అంటే సుమారు 20 శాతం. కుప్పలో 60 పిక్కలున్నాయి, ఎదుటివారు 30 కాశారు. 90 కోసం మీరు 30 పెట్టాలి, మీది కలిపితే కుప్ప 120, అందులో మీ 30 పావు వంతు, కనుక నష్టం లేకుండా ఉండాలంటే 25 శాతం అవకాశం కావాలి, కాబట్టి ముక్కలు పడేయడమే సరి. అదే వారు 15 మాత్రమే కాస్తే, మొత్తం 90లో మీ వంతు 15 కనుక సుమారు 17 శాతం చాలు, అప్పుడు వేయవచ్చు. మీరు ఎదుటి పక్షాన ఉండి, అవతలివారు ఫ్లష్ కోసం చూస్తున్నారని అనుమానిస్తే, ఈ దశలో కుప్పలో సగానికి తక్కువ కాయకండి.