వెనుక చక్రంతో మొదలుపెట్టండి

అందరికీ నమస్కారం.

పాత అమెరికన్ ఫొటోల్లోని లారీలు ఏ సంస్థవో గుర్తుపట్టేటప్పుడు మనలో చాలామంది ముందుగా చూసేది బండి ముఖాన్నే. ఈ సాయంత్రం నేను మిమ్మల్ని కోరేది ఒక్కటే: ముఖాన్ని చివర చూడండి.

1910ల అమెరికాలో వందల సంస్థలు లారీలు అమ్మాయి. వాటిలో చాలావాటికి సొంత ఇంజను లేదు. కాంటినెంటల్, బుడా, వాకెషా వంటి సంస్థల ఇంజన్లు, టింకెన్ ఇరుసులు కొని తెచ్చి ఒక చట్రానికి బిగించి, తమ పేరు పోతపోసిన రేడియేటర్‌ను ముందు నిలబెట్టేవారు. అందుకే ఆ నాలుగక్షరాలు నీడలో పడితే, ఒక ఊరి లారీకీ ఇంకో ఊరి లారీకీ తేడా పట్టుకోవడం చాలా కష్టం. ముఖాన్ని నమ్ముకుంటే దారి అక్కడే మూసుకుపోతుంది.

ముఖం స్పష్టంగా కనిపించినా మోసం చేయగలదు. ముందుకు ఏటవాలుగా దిగే బానెట్, ముందు రేడియేటర్ లేదు. అది ఇంజను వెనక్కి వెళ్లింది. ఇది చూడగానే అందరి నోటా వచ్చే పేరు మ్యాక్. మొదటి ప్రపంచ యుద్ధంలో బుల్‌డాగ్ అని పేరు తెచ్చుకున్న మ్యాక్ ఏసీ రెండు దశాబ్దాలకు పైగా తయారైంది, కాబట్టి ఆ ముక్కు మన కళ్లకు బాగా అలవాటు. కానీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ లారీలకూ అదే ముక్కు. ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారైన కెల్లీ-స్ప్రింగ్‌ఫీల్డ్‌కూ అదే. నేను ఒక కెల్లీని చాలాకాలం మ్యాక్ అనే రాసి పెట్టుకున్నాను.

అప్పుడు వెనుక చక్రం దగ్గరకు వెళ్లాలి. మ్యాక్ ఏసీకి వెనుక చక్రాలను తిప్పే గొలుసు బయటికే కనిపిస్తుంది. ఆ కాలపు ఇంటర్నేషనల్‌కు గొలుసు ఉండదు. పళ్ల చక్రాలు లోపలే ఉంటాయి. అంటే గొలుసు కనిపిస్తే ఇంటర్నేషనల్ పక్కకు తప్పుకుంటుంది. పెద్ద కెల్లీలకూ గొలుసే, అందుకే చిక్కు ఇంకా పూర్తిగా విడిపోదు.

నన్ను సరిదిద్దింది నంబరు ప్లేటు. రాష్ట్ర ప్రభుత్వమే ప్లేట్లు ఇవ్వడం 1903లో మసాచుసెట్స్‌తో మొదలైంది. తరువాత కొన్ని రాష్ట్రాలు వాటిమీద ఏడాది కూడా ముద్రించాయి. నా ఫొటోలోని ప్లేటు మీద 1913 అని ఉంది. మ్యాక్ ఏసీ వచ్చింది 1916లో. ఇక వాదనే లేదు! అయితే ప్లేటు ఒక వైపే సాక్ష్యం చెబుతుంది. బండి అంతకంటే పాతది కావచ్చు, కొత్తది మాత్రం కాలేదు.

రంగు గురించి ఒక్క మాట. ఆ నాడు ఫొటోలు తీయడానికి ఫిల్మ్‌లా వాడిన గాజు పలకలు ఎరుపును సరిగా పట్టలేవు. నల్లగా కనిపించే లారీ నిజానికి ఎర్రటిది కావచ్చు, దాని మీది అక్షరాలు ఆ నలుపులోనే కలిసిపోయి ఉండవచ్చు. తలుపు మీద ఏమీ రాయలేదని తొందరపడి అనుకోకండి.

కొన్ని లారీల విషయంలో సంస్థ పేరు చెప్పడం మానేయాలి. 1917లో అమెరికా సైన్యం గీయించిన లిబర్టీ లారీని 15 సంస్థలు ఒకే నమూనా ప్రకారం తయారుచేశాయి. 9,000కు పైగా వచ్చాయి. విడిభాగాలు ఒక లారీవి ఇంకో లారీకి సరిపోవాలన్నదే వాటి ఉద్దేశం. దూరం నుంచి తీసిన ఫొటో చూసి ఇది సెల్డెన్‌ది, ఇది గార్‌ఫోర్డ్‌ది అని రాస్తే అది ఊహే. ఆ ఊహ రేపు ఇంకొకరి చేతిలో చరిత్ర అయిపోతుంది. ‘లిబర్టీ’ అని రాసి ఆగండి.

ఇప్పుడు తెర మీదికి మొదటి ఫొటో వస్తోంది. రేడియేటర్‌కు అడ్డంగా ఒక కుర్రవాడు నిలబడ్డాడు, పేరు కనిపించదు. వెనుక చక్రం దగ్గర గొలుసు ఉందా? ముందు వరుసలోని వారు చెప్పండి.