ఫోన్-ఇన్: వెబ్‌సైట్‌కు లింకులు, గూగుల్‌లో ర్యాంకు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు వెబ్‌సైట్లకు వచ్చే లింకుల గురించి, వాటితో ర్యాంకు ఎంతవరకు పెరుగుతుందన్న దాని గురించి మాట్లాడుకుందాం. సెర్చ్ నిపుణులు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్. హలో, చెప్పండి.

మొదటి కాలర్: నమస్తే సార్. నేను కుట్టుపని నేర్పే సైట్ నడుపుతున్నాను. వేరేవాళ్ల సైట్‌లో నా లింకు ఉంటే నా ర్యాంకు ఎందుకు పెరుగుతుంది సార్? నా పేజీ ఎలా ఉందో చూస్తే చాలు కదా?

నిపుణులు: నమస్తే అమ్మా. ఒకప్పుడు అలాగే చూసేవారు. పేజీలో ఏ మాట ఎన్నిసార్లు ఉందన్నదే ముఖ్యం. దాంతో ఒకే మాటను వందసార్లు రాసి పైకి వచ్చేసేవాళ్లు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా 1998లో ఒక పరిశోధన పత్రం రాశారు. పేజీ తన గురించి తాను చెప్పుకునేదే కాదు, దాన్ని చూడమని ఎవరెవరు చెబుతున్నారో కూడా లెక్కలోకి తీసుకుందామన్నారు. అదే పేజ్‌ర్యాంక్. మంచి పేరున్న పేజీ ఇచ్చిన లింకుకు బరువు ఎక్కువ. ఒకే పేజీ వందమందికి లింకులిస్తే ఒక్కొక్కరికి దక్కే వాటా తక్కువ. ఇప్పుడు గూగుల్ చూసే చాలా అంశాల్లో ఇదొకటి, అంతే. లింకులుంటే చాలు, పేజీ ఎలా ఉన్నా ఫరవాలేదు అనుకోవద్దు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండి. తర్వాతి కాల్.

రెండో కాలర్: హలో సార్, వినబడుతోందా? నాది మొక్కల పెంపకం మీద సైట్ సార్. నేనే రాస్తాను, ఫొటోలు కూడా నేనే తీస్తాను. ఆ మధ్య ఒక మెయిల్ వచ్చింది. వెయ్యి లింకులు ఇస్తాం, నెలలో మొదటి పేజీకి తెస్తాం అని. ముందు నమ్మలేదు. తర్వాత ఫోన్ కూడా చేశారు, చాలా మర్యాదగా మాట్లాడారు, సరే అనుకుని...

నిపుణులు: కట్టేశారా?

రెండో కాలర్: కట్టాను సార్. మొదట్లో పెరిగింది కూడా. తర్వాత ఒక్కసారిగా పడిపోయింది. ఇప్పుడు వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే టూల్‌లో చూస్తే ఎవరెవరి సైట్లో ఉన్నాయి, నాకు సంబంధమే లేనివి. అన్నింట్లోనూ ఒకటే మాట, 'ఇంటి మొక్కల పెంపకం' అని. నిద్ర పట్టడం లేదు సార్. ఈ లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే డిసవౌ ఫైల్ అని ఒకటుందట కదా, అది వేసేయమంటారా?

నిపుణులు: ముందు ఒకటి చెప్పండి. సెర్చ్ కన్సోల్‌లో 'మాన్యువల్ యాక్షన్స్' అనే పేజీ చూశారా? గూగుల్ మనుషులు మీ సైట్‌పై చర్య తీసుకుంటే అక్కడే చెబుతారు.

రెండో కాలర్: చూశాను. సమస్యలేమీ లేవని ఉంది. అయినా నాకు భయంగానే ఉంది. ఫైల్ వేస్తే పాత ర్యాంకు వచ్చేస్తుందా సార్?

నిపుణులు: రాదు. జాగ్రత్తగా వినండి. 2012 ఏప్రిల్‌లో గూగుల్ ర్యాంకులిచ్చే పద్ధతిలో పెంగ్విన్ అనే మార్పు వచ్చింది. అప్పట్లో ఇలాంటి లింకులున్న సైట్లను కిందికి తోసేసేవారు. అదే ఏడాది అక్టోబరులో డిసవౌ టూల్ ఇచ్చారు. 2016 నుంచి పెంగ్విన్ పద్ధతి మారింది. సైట్ మొత్తాన్ని తోసేయడం కంటే చెడ్డ లింకులను లెక్కలోంచి తీసేయడం మీద దృష్టి పెట్టారు. మీకు మొదట పెరిగింది ఆ లింకుల వల్ల అయ్యుంటే, వాటిని లెక్కలోంచి తీసేశాక ఆ పెరిగింది కూడా పోయింది. శిక్ష పడినట్టు అక్కడ ఏమీ కనబడటం లేదు.

రెండో కాలర్: అంటే ఫైల్ వేస్తే మంచిదేనా?

నిపుణులు: ఇప్పుడే చెప్పాను కదండీ! మాన్యువల్ యాక్షన్ వచ్చినా, వచ్చేంత ఎక్కువగా కొన్న లింకులున్నా అప్పుడు వాడాలి. ముందు ఆ సైట్లవాళ్లకు రాసి తీయించాలి, తీయనివాటిని ఫైల్‌లో పెట్టాలి. యాక్షన్ పడి ఉంటే మళ్లీ పరిశీలించమని గూగుల్‌ను అడగాలి. మీరు కొన్నది నిజం కాబట్టి ఆ కొన్నవాటిని, వాటిని మాత్రమే, ఫైల్‌లో పెడితే తప్పులేదు. కంగారులో మంచి లింకులు కూడా అందులో వేసేస్తే ఉన్న బలం పోతుంది. ర్యాంకు గ్యారంటీ అన్నవాళ్లకు డబ్బు కట్టకండి. ఎవరికీ కట్టకండి.

రెండో కాలర్: ఇప్పుడు బాగుచేస్తామని ఇంకొకరు ఫోన్ చేస్తున్నారు సార్...

నిపుణులు: కట్టకండి అమ్మా. మీ రాతలు మీవి, ఫొటోలు మీవి. అవి ఎక్కడికీ పోలేదు. ఏ మొక్క మీ దగ్గర ఎందుకు చచ్చిపోయిందో, నీళ్లు ఎక్కువైతే ఆకు ఎలా మారిందో వారం వారం ఫొటోలతో పెట్టండి. అలాంటిది ఇంకెక్కడా దొరకదు కాబట్టి అదే విషయం రాసేవాళ్లు మీ పేజీ చూపించక తప్పదు. టైం పడుతుంది. నిద్ర మానుకోకండి.

రెండో కాలర్: చాలా థాంక్స్ సార్. ఫైల్‌లో కొన్నవి మాత్రమే కదా?

నిపుణులు: కొన్నవి మాత్రమే.

వ్యాఖ్యాత: థాంక్యూ అండి. తర్వాతి కాలర్, క్లుప్తంగా అడగండి.

మూడో కాలర్: సార్, డొమైన్ అథారిటీ అరవై ఉన్న సైట్‌లో లింకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

నిపుణులు: ఆ నంబరు, సైట్‌కు ర్యాంకు ఎంత బాగా రావచ్చో మోజ్ అనే సంస్థ వేసే లెక్క. గూగుల్ దాన్ని వాడదు. అమ్ముతున్నారంటే తీసుకోవద్దు.

మూడో కాలర్: మరి ఎనభై ఉంటే...

వ్యాఖ్యాత: జవాబు అదేనండి, ధన్యవాదాలు. హలో, చెప్పండి.

నాలుగో కాలర్: ఒక వార్తా సైట్ మా గురించి రాసి లింకు ఇచ్చింది. అది నోఫాలో అట. దండగేనా?

నిపుణులు: కాదు. నోఫాలో అంటే ఈ లింకును ర్యాంకు లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే గుర్తు, 2005లో స్పామ్‌ను ఆపడానికి వచ్చింది. 2019 నుంచి గూగుల్ దాన్ని ఆజ్ఞలా కాక సూచనలా చూస్తోంది. అప్పుడే డబ్బిచ్చి పెట్టించిన లింకులకు 'స్పాన్సర్డ్' అనే గుర్తు కూడా తెచ్చారు. ప్రకటన ఇస్తే ఆ గుర్తు పెట్టించండి, ఇబ్బంది ఉండదు. మీ విషయంలో, ఆ వార్త చదివి మనుషులు మీ సైట్‌కు వస్తున్నారు కదా. సంతోషించండి.

వ్యాఖ్యాత: ఇంకో కాల్.

ఐదో కాలర్: సైట్ పేరు మార్చాం సార్. పాత పేరుకు వచ్చిన లింకులన్నీ పోయినట్టేనా?

నిపుణులు: 301 రీడైరెక్ట్, అంటే పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు, పెట్టారా?

ఐదో కాలర్: పెట్టాం. పాతవన్నీ కొత్త హోమ్ పేజీకి వెళ్తాయి.

నిపుణులు: అక్కడే పోతోంది. ప్రతి పాత పేజీ దానికి సరిపోయే కొత్త పేజీకే వెళ్లాలి. అన్నీ హోమ్ పేజీకి పంపితే గూగుల్ వాటిని లేని పేజీలుగా చూసే ప్రమాదం ఉంది. కనీసం ఏడాది ఆ రీడైరెక్ట్‌లు ఉంచండి, వీలైతే ఎప్పటికీ ఉంచండి. పాత డొమైన్ వదులుకోకండి.

వ్యాఖ్యాత: చివరి కాల్.

ఆరో కాలర్: నమస్తే. నాది లెక్కల పాఠాల సైట్. బయటివాళ్లెవరూ లింకు ఇవ్వడం లేదు. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

నిపుణులు: చాలా ఉంది బాబూ. మీ సైట్ లోపలి లింకులు మీ చేతిలోనే ఉన్నాయి. మీ పాఠాల్లో ఏ ఇతర పేజీ నుంచీ లింకు లేనివి ఎన్ని ఉన్నాయో చూడండి. అలాంటివి గూగుల్‌కు దొరకడమే కష్టం. భిన్నాల పాఠంలో శాతాల పాఠానికి లింకు ఇవ్వండి. 'ఇక్కడ నొక్కండి' అని రాయకుండా 'శాతాలను భిన్నాలుగా మార్చడం' అని రాయండి. చదివేవాడికీ తెలుస్తుంది, గూగుల్‌కూ తెలుస్తుంది. బటన్లతో చేస్తే అవి మామూలు లింకులేనా అని డెవలపర్‌ని అడగండి. చిరునామా లేని బటన్‌ను గూగుల్ నొక్కి చూడదు.

ఆరో కాలర్: స్నేహితుడి సైట్‌తో లింకులు మార్చుకోవచ్చా?

నిపుణులు: అతని పాఠం మీ పిల్లలకు పనికొస్తే ఇవ్వండి. ర్యాంకు కోసమే పదిమంది గుంపుగా మార్చుకుంటే అది స్పామ్ కిందకే వస్తుంది. ఇంకోటి, ర్యాంకు గ్యారంటీ అని ఎవరైనా...

వ్యాఖ్యాత: డబ్బు కట్టొద్దు. సమయం అయిపోయింది సార్. కాల్ చేసిన అందరికీ ధన్యవాదాలు. లైన్ దొరకనివారు వచ్చే కార్యక్రమంలో ప్రయత్నించండి. నమస్కారం.