మీ పాదం ఎటు తిరగాలి? మోకాలి అరుగుదల, నడక తీరు

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం. నిర్వాహకులు నేల మీద జంబుఖానాలు పరిచినా, వెనక వరసలో కుర్చీలే ముందు నిండిపోయాయి. కాబట్టి మోకాళ్ళ నొప్పి అంటే ఏమిటో ఈ హాల్లో నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

మన బరంపురంలో ఒక తరం మొత్తం నేల మీద కూర్చునే బతికింది. అప్పడాలు ఒత్తినవాళ్ళు, ఆవకాయకి కాయలు కొట్టినవాళ్ళు, బాసింపట్టు వేసుకుని గంటలు గంటలు గడిపారు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చి "గుజ్జు అరిగిపోయిందట బాబూ, ఇంక ఆపరేషనేనట" అంటారు. అరిగిందన్నది నిజమే. ఎక్కడ అరిగిందన్నది మాత్రం ఎవరూ అడగరు.

మోకాల్లో లోపలి వైపు, బయటి వైపు రెండు భాగాలుంటాయి. నడుస్తూ ఒంటికాలి మీద నిలబడిన క్షణంలో నేల నుంచి పైకి వచ్చే బలం మోకాలి మధ్యగా కాకుండా కాస్త లోపలి పక్క నుంచి వెళ్తుంది. అందుకే బరువులో పెద్ద వాటా లోపలి భాగం మీద పడుతుంది, అక్కడే ఎక్కువగా అరుగుతుంది. అరిగేకొద్దీ కాళ్ళు దొడ్డికాళ్ళవుతాయి, ఆ వంపు వల్ల లోపలి వైపు బరువు ఇంకా పెరుగుతుంది. మాత్ర నొప్పిని తగ్గిస్తుంది గానీ ఈ బరువు లెక్కని మార్చదు.

దాన్ని మార్చే దారుల్లో ఒకటి పాదం మోపే కోణం. వేళ్ళు కొంచెం లోపలికో బయటికో తిప్పి అడుగు వేస్తే ఆ బలం వెళ్ళే దారి మోకాలి మధ్యకు జరగొచ్చు. దీని మీద అమెరికాలో స్టాన్‌ఫర్డ్, యూటా, న్యూయార్క్ విశ్వవిద్యాలయాల వాళ్ళు కలిసి చేసిన పరీక్ష ఫలితాలు 2025లో లాన్సెట్ రుమటాలజీ అనే వైద్య పత్రికలో వచ్చాయి. లోపలి వైపు అరుగుదల ఉన్న 68 మందిని తీసుకున్నారు. ముందు ఒక్కొక్కరినీ బలాన్ని కొలిచే ట్రెడ్‌మిల్ మీద నడిపించి, 5 డిగ్రీలా 10 డిగ్రీలా, లోపలికా బయటికా, ఏది ఆ మనిషి మోకాలి లోపలి వైపు బరువుని ఎక్కువ తగ్గిస్తుందో చూశారు. ఏ కోణంలోనూ మోకాలి మీద బరువు తగ్గనివాళ్ళని అసలు చేర్చుకోలేదు. తర్వాత సగం మందికి వాళ్ళకి సరిపోయిన కోణం నేర్పారు. మిగతా సగానికి కూడా శిక్షణ ఇచ్చారు గానీ, నేర్పింది వాళ్ళ పాత నడకనే! ఎవరు ఏ గుంపులో ఉన్నారో వాళ్ళకి తెలియదు. వారానికొకసారి చొప్పున ఆరు శిక్షణలు, పిక్క దగ్గర కట్టిన చిన్న పరికరం వణుకుతూ పాదం దారి తప్పితే చెబుతుంది. ఆపైన రోజూ కనీసం 20 నిమిషాలు ఇంటి దగ్గర సాధన. ఏడాది తర్వాత చూస్తే, కొత్త నడక నేర్చినవాళ్ళకి నొప్పి ఎక్కువ తగ్గింది, ఎంఆర్ఐలో గుజ్జు దెబ్బతినే వేగం కూడా తక్కువగా కనిపించింది.

ఇక్కడ అసలు సంగతి ఆ కొలతే. వీడియో చూసి "నేను కూడా వేళ్ళు లోపలికి పెట్టి నడుస్తున్నానండీ" అని చెప్పేవాళ్ళంటే నాకు టెన్షన్. మీ తోడికోడలికి మేలు చేసిన కోణం మీ మోకాలి మీద బరువు పెంచవచ్చు, తుంటి నొప్పి తెచ్చి పెట్టవచ్చు. కొలవకుండా పాదం తిప్పకండి. ఆ ట్రెడ్‌మిల్ నా దగ్గర లేదు, అందుకే నేనూ ఎవరికీ ఊహ మీద కోణం చెప్పను. రెండు ఫోన్ల వీడియోతో కదలికల లెక్క తీసే ఓపెన్‌క్యాప్ లాంటివి 2023లోనే వచ్చాయి. మన ఊరి క్లినిక్కులకి అవి మామూలు విషయం అయ్యేదాకా చేయాల్సినవి వేరే ఉన్నాయి.

చేతికర్ర పట్టుకోండి. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో. సగం మంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. కర్రంటే నామోషీ అని మగవాళ్ళు గొడుగు పట్టుకొస్తారు, పరవాలేదు, గట్టి గొడుగైతే చాలు. లావుగా ఉన్నవాళ్ళు ఒక్క కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. తొడ కండరానికి వ్యాయామం: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, మెల్లగా కూర్చోవడం. అప్పడాల పీట బల్ల మీదకి ఎక్కించండి, రుచేమీ మారదు.

రెండేళ్ళకొకసారి వచ్చే మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర సంగతి కూడా చెప్పాలి. తల మీద ఘటం బరువునైనా చివరికి మోసేది మోకాలే. నొప్పి ముదిరినవాళ్ళు ఈసారి ఘటం కోడలికి అప్పగించండి, అమ్మవారేమీ అనుకోదు. (కోడలేమంటుందో నేను చెప్పలేను.)

మోకాలు ఎర్రగా వేడెక్కి వాచినా, జ్వరం వచ్చినా, మడత దగ్గర పట్టేసి కదలకపోయినా నడక పాఠాలు పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మిగతావాళ్ళు ఫిజియోథెరపీకి వచ్చేటప్పుడు రోజూ తొడిగే చెప్పులే వేసుకుని రండి, పెళ్ళికి దాచుకున్నవి వద్దు. చెప్పు మడమ ఏ పక్క అరిగిందో నేను చూడాలి.