సగం ఖాళీగా ఉన్న పేజీలు

అందరికీ నమస్కారం. శనివారం మధ్యాహ్నం పిల్లల క్లాసులూ, సరుకులూ, వంటా అన్నీ పక్కన పెట్టి వచ్చారు కాబట్టి తిన్నగా పుస్తకంలోకే వెళ్తాను.

పుస్తకం పేరు ద సింపుల్ గిఫ్ట్. రాసినాయన స్టీవెన్ హెరిక్, 2000లో వచ్చింది. ఇక్కడ సిడ్నీలో పిల్లల్ని చదివించినవాళ్లలో కొందరు ఈ పేరు వినే ఉంటారు. 2009 నుంచి 2014 దాకా హెచ్‌ఎస్‌సీ, అంటే ఇక్కడ పన్నెండో తరగతి చివరి పరీక్ష, ఇంగ్లిష్‌లో బిలాంగింగ్ (మనవాళ్లు, మన చోటు అన్న భావన) అనే అంశం ఉండేది కదా, దాని కింద చదవాల్సిన పుస్తకాల జాబితాలో ఇదీ ఒకటి. మా ఇంటికి కూడా అలాగే వచ్చింది. మా అబ్బాయి డైనింగ్ టేబుల్ మీద పెట్టి వెళ్లిపోతే నేను తెరిచి చూశాను. పేజీలో సగం ఖాళీ. చిన్న చిన్న లైన్లు, ఒక్కో లైన్లో నాలుగైదు మాటలు. ఇంత ఫీజులు కట్టి, ఇంత టెన్షన్ పడి పెద్ద పరీక్షకు కూర్చునే పిల్లలకు ఇదా పెట్టేది అనిపించింది. ఆ రాత్రే మొదలుపెట్టాను, చివరి పేజీ అయ్యాకే లేచాను.

దీన్ని వర్స్ నావెల్ అంటారు. అంటే వచన కవితలు ఒకదాని వెంట ఒకటి వస్తూ మొత్తం కలిసి నవల అవుతాయి. ఇందులో ప్రతి కవితా ఒక మనిషి గొంతు. బిల్లీ పదహారేళ్లవాడు, తాగి కొట్టే తండ్రిని వదిలేసి ఇల్లు విడిచి వెళ్తాడు. గూడ్సు బండెక్కి చలికి గడ్డకట్టుకుపోతుంటే ఎర్నీ అనే డ్రైవర్ చూసి, తిట్టకుండా, పోలీసులకు అప్పజెప్పకుండా, వెచ్చగా ఉన్నచోట కూర్చోబెట్టి తిండి పెడతాడు. అలా బెండరాట్ అనే ఊరు చేరి, వాడకంలో లేని పాత రైలు పెట్టెలో కాపురం పెడతాడు. పక్క పెట్టెలో ఓల్డ్ బిల్ అనే ముసలి తాగుబోతు ఉంటాడు. ఊళ్లో కేట్లిన్ అనే అమ్మాయి ఉంటుంది. కథంతా ఈ ముగ్గురే చెప్తారు.

మొదట్లోనే స్పోర్ట్ అని ఒక కవిత ఉంది. నాకు దాని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలని ఉంది. బిల్లీకి పదేళ్లప్పుడు ఇంటి దగ్గర బంతి ఆడుకుంటుంటాడు. వాడి ఊహలో అదొక పెద్ద మ్యాచ్, గోల్ కొట్టాలి. తంతాడు, కిటికీ అద్దం పగులుతుంది, తండ్రి బయటికొచ్చి కొడతాడు. అంతటితో వాడి ఆటలూ అయిపోతాయి, కవితా అయిపోతుంది. తన బాధను అక్కడ విడమర్చి చెప్పడు. మామూలు నవలైతే అక్కడ ఇంకో రెండు పేరాలు ఉండేవి, వాడి బాధ ఎంత లోతైనదో రచయిత మనకు విప్పి చెప్పేవాడు. హెరిక్ అక్కడ ఆపేశాడు, కింద తెల్లకాగితం మాత్రం ఉంది. పదేళ్లవాడు దెబ్బ తిని గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే ఇల్లంతా ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు, ఆ ఖాళీలో వినిపించేది అదే.

పేజీలో సగం ఖాళీ ఎందుకుందో నాకు అర్థమైంది ఆ కవిత దగ్గరే.

పదహారేళ్ల మగపిల్లలు ఎక్కువ మాట్లాడరు. అన్నం తిన్నావా అంటే ఊఁ, స్కూల్లో ఏం జరిగింది అంటే ఏమీ లేదు. అలాంటి కుర్రాడి నోట పేజీలకు పేజీలు వర్ణనలు పెడితే అది వాడి మాట కాదు, రచయిత మాట. చిన్న లైన్లలో పెడితే అది నిజంగా వాడు మాట్లాడే తీరు.

ఇక మెక్‌డొనాల్డ్స్ సంగతి. బిల్లీ దగ్గర డబ్బులు బహు తక్కువ. ఏదో తాగడానికి కొనుక్కుని ఒక మూల కూర్చుంటాడు, పక్కవాళ్లు తిని వెళ్లాక టేబుల్ మీద మిగిలింది తీసుకుని తింటాడు. అక్కడ నేల తుడిచే పనిలో ఉన్న కేట్లిన్ అది చూస్తుంది, చూసి కూడా మేనేజర్‌కు చెప్పదు. ఈ సంగతి బిల్లీ గొంతులో ఒకసారి, కేట్లిన్ గొంతులో ఒకసారి వింటాం. ఆ అమ్మాయి బాగా డబ్బున్న ఇంటి పిల్ల. తండ్రి డబ్బు మీద ఆధారపడకూడదని ఆ ఉద్యోగం చేస్తోంది. ఇద్దరి మధ్యా నిలబడి వీడు దొంగ, ఈమె దయగలది అని తీర్పు చెప్పే మూడో మనిషి లేడు. మనమే తేల్చుకోవాలి. మా అబ్బాయితో ఈ ఒక్క ఘట్టం మీద అరగంట మాట్లాడాను, వాడు నాతో ఒక పుస్తకం గురించి అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

ఓల్డ్ బిల్ ఒకప్పుడు లాయరు. చిన్న కూతురు చెట్టు మీంచి పడి చనిపోయింది, ఆ తర్వాత భార్యా పోయింది. సొంత ఇల్లుండి కూడా ఆ ఇంట్లో ఉండలేక రైలు పెట్టెలో పడుంటాడు. బిల్లీ అతనికి పొద్దున్నే తినడానికి తెచ్చిపెడతాడు, ఇద్దరూ క్యానరీలో, అంటే తిండి సరుకుల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో, పనికి వెళ్తారు. పదహారేళ్లవాడు ఒంటరిగా బతుకుతున్నాడని అధికారులకు తెలిస్తే ఊరుకోరు కదా. అప్పుడు ఓల్డ్ బిల్ ఆ ఇంటి తాళాలు తీసి వాడి చేతిలో పెడతాడు. ఎవరు ఎవరిని కాపాడారో ఇప్పటికీ నేను చెప్పలేను.

హెరిక్ 1958లో బ్రిస్బేన్‌లో పుట్టారు, ఉండేది మనం ఎవరు చుట్టాలొచ్చినా త్రీ సిస్టర్స్ అనే మూడు రాతి శిఖరాలు చూపించడానికి తీసుకెళ్లే బ్లూ మౌంటెన్స్ కొండల్లోనే. స్కూళ్లకు వెళ్లి పిల్లల ముందు కవితలు చదివి వినిపించడం ఆయనకు ఏళ్ల తరబడి అలవాటు. ఆ లైన్లు నోటికి అంత తేలిగ్గా ఎందుకు వస్తాయో దాన్నిబట్టి తెలుస్తుంది. 2004లో వచ్చిన బై ద రివర్ కూడా తప్పకుండా చదవండి. అది 1960ల నాటి చిన్న ఊరు, తల్లిలేని ఇద్దరు అన్నదమ్ములు, వాళ్లను పెంచే తండ్రి, వరదలో కొట్టుకుపోయిన ఒక స్నేహితురాలు. ఇక్కడి తండ్రి బిల్లీ తండ్రి లాంటివాడు కాదు, ప్రేమున్న మనిషి. దానికి 2005లో న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ అవార్డుల్లో పిల్లల, యువత పుస్తకాలకిచ్చే ఎథెల్ టర్నర్ బహుమతి వచ్చింది. నాకైతే రెండింట్లో ద సింపుల్ గిఫ్టే ఒక మెట్టు పైన.

ఇలా కవితల్లో కథ చెప్పడం ఆస్ట్రేలియాకు ఉన్నట్టుండి వచ్చిన ఫ్యాషన్ కాదండీ. మన పర్సులో ఉండే పది డాలర్ల నోటు మీద బొమ్మ ఉన్న బ్యాంజో పాటర్సన్ గుర్రపు రౌతుల కథలను పద్యాల్లో చెప్పినవాడే. సి.జె. డెన్నిస్ 1915లో మెల్‌బోర్న్ వీధి కుర్రాడి ప్రేమకథ మొత్తాన్ని ఆ కుర్రాడి వీధి భాషలోనే పద్యాలుగా రాశాడు. మాట్లాడే భాషలో కథను కవిత్వంగా చెప్పడం ఈ దేశానికి బాగా పాత అలవాటు.

మనకు మాత్రం లేదా? కథను ద్విపదలో చెప్పినవాళ్లం, బుర్రకథ చెప్పినవాళ్లం. గురజాడ పూర్ణమ్మ కథ సంగతే చూడండి. డబ్బు కోసం ముసలివాడికి కట్టబెడితే ఆ పిల్ల అందరికీ అప్పగింతలు చెప్పి వెళ్లిపోతుంది. చిన్న చిన్న పాదాలు, తేలిక మాటలు, చావు అనే మాట గట్టిగా అనకుండానే మనకు అర్థమైపోతుంది. నేను బిల్లీ కథ చదువుతుంటే పూర్ణమ్మే గుర్తొచ్చింది. ఇద్దరూ తండ్రి చేతిలో అన్యాయమైపోయిన పిల్లలు, ఇద్దరూ గొంతు పెంచరు. అంత గొప్ప దారి వేసి పెట్టినా, ఇవాళ పదిహేనేళ్ల తెలుగు పిల్ల చేతిలో పెట్టి ఇదిగో ఇది నీ గురించే, నీ మాటల్లోనే అని ఇవ్వడానికి నేను ఎంత వెతికినా నాకు ఒక్క కవితా నవల దొరకలేదు. ఇంటర్ హాస్టల్లో ఉండే కుర్రాడు రాత్రి పదకొండింటికి ఏమనుకుంటాడో ఎవరైనా ఇలా రాస్తే బాగుండు అని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను.

లైన్లు విరిచిన వచనమే కదా, దీన్ని కవిత్వం అని ఎలా అంటారని మొన్న ఒకాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కొన్నిచోట్ల హెరిక్ రాసింది కూడా అలాగే ఉంటుంది, దాచను. కానీ స్పోర్ట్ కవితను లైన్లన్నీ కలిపేసి ఒక పేరాగా కాగితం మీద రాసి చదివి చూశాను. పేపర్లో వచ్చే చిన్న వార్తలా అయిపోయింది. లైను ఆగిన చోట మన ఊపిరి కూడా ఆగాలి, అప్పుడే ఆ దెబ్బ తగులుతుంది.

కళ్లతో చదివితే సగమే అందుతుంది, అందుకే ముగ్గురు పిల్లల్ని సిద్ధం చేసి తెచ్చాను. ఒకరు బిల్లీ, ఒకరు కేట్లిన్, ఓల్డ్ బిల్‌గా చదివేది మా పక్కింటి పన్నెండేళ్ల పాప. ఇంగ్లిష్‌లోనే చదువుతారు, మధ్యలో నేను తెలుగులో ఏమీ చెప్పను. వాళ్లు ఆగినప్పుడు అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టకండి, ఆ ఆగడం కూడా అందులో భాగమే. రా అమ్మా, ముందు నువ్వే మొదలుపెట్టు.