తాడు ఆగదు: అరటిగెలల నుంచి మంచుకొండ దాకా

[తెర మీద: విజయనగరం, సిరిమానోత్సవం. కెమెరా జనం తలల మీదుగా మాను చివరి దాకా నెమ్మదిగా పైకి వెళ్తుంది.]

విజయనగరంలో పుట్టినవాళ్లకి గాలిలో కుర్చీ కొత్తేమీ కాదు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి పూజారిగారు దాదాపు 60 అడుగుల చింతమాను కొసన కూర్చుని, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతారు. కింద నుంచి జనం అరటిపళ్లు విసురుతుంటారు. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని చూస్తుంటే నాకు ఒకటే టెన్షన్, ఆయన పడిపోతే ఎలా అని.

ఇవాళ చెప్పేది ఇంకో గాలి కుర్చీ సంగతి. మంచుకొండల మీద స్కీయింగ్ చేసేవాళ్లని, అంటే కాళ్లకి స్కీలనే పొడుగాటి పలకలు కట్టుకుని జారేవాళ్లని, పైకి మోసుకెళ్లే చైర్‌లిఫ్ట్. విచిత్రం ఏంటంటే, దాని పుట్టుకలో కూడా అరటిపళ్లున్నాయి.

[తెర మీద: పాత నలుపు తెలుపు ఫోటోలు. రైలింజను, మంచు, కొండ.]

1936, అమెరికా. యూనియన్ పసిఫిక్ రైల్వే ఛైర్మన్ ఎవరెల్ హారిమన్‌కి శీతాకాలంలో రైళ్లు నిండాలి. అందుకని ఐడహో రాష్ట్రంలో సన్ వ్యాలీ అని ఒక స్కీ రిసార్ట్ కట్టిస్తున్నాడు. అంత దూరం వచ్చినవాళ్లు కాళ్లకి స్కీలు తగిలించుకుని, గంటలకొద్దీ కొండెక్కి, పది నిమిషాల్లో జారి కిందికొస్తే మళ్లీ ఎవరొస్తారు? ఎక్కే బాధ లేకుండా ఏదైనా చూడండయ్యా అని తన ఇంజనీర్లకి చెప్పాడు.

మంచు మీద మనిషిని తాడుతో లాగడం అప్పటికే ఉంది. జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌లో రాబర్ట్ వింటర్‌హాల్డర్ 1908లోనే నీటిమిల్లు చక్రంతో ఒకటి నడిపాడు. 1934లో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో ఎర్నెస్ట్ కాన్‌స్టమ్ ఇంకా మెరుగైనది పెట్టాడు. కానీ వాటిలో స్కీలు నేల మీదే ఉంటాయి, మనిషి నిలబడే ఉండాలి.

జేమ్స్ కరన్ అనే ఇంజనీరు ఆ రైల్వేలో చేరకముందు, ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే యంత్రం మీద పనిచేశాడు. తిరుగుతూనే ఉండే తాడు, దానికి వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక గెల. కరన్ కొక్కెం తీసేసి కుర్చీ పెట్టాడు. గెల బదులు మనిషి, అంతే తేడా. ఇది ప్రమాదం, కుదరదు అని తోటివాళ్లు పక్కన పెట్టేయబోయారట. స్కీయింగ్ సలహాదారు చార్లీ ప్రాక్టర్ ఆ బొమ్మ చూసి, ఇదే కావాలి అన్నాడు.

నాకు ఈ కథలో బాగా నచ్చే ముక్క ఇక్కడుంది. కదిలే కుర్చీ ఎంత వేగంతో వచ్చి వెనక నుంచి తగిలితే మనిషి పడకుండా కూర్చోగలడు? ఇది లెక్కలతో తేలదు. వీళ్లున్నదేమో ఆ రైల్వే ప్రధాన ఆఫీసున్న ఒమాహాలో. కొండ లేదు, పైగా ఎండాకాలం, మంచు మాట అటుంచండి. ఏం చేశారంటే, ఒక ట్రక్కు పక్కన కుర్చీ బిగించారు. నేల మీద గడ్డి పరిచి నూనె పోశారు. ఒకణ్ణి స్కీలతో దాని మీద నిలబెట్టి ట్రక్కు పోనిచ్చారు. గడ్డి అంతగా జారలేదు. స్కీలు విప్పించి, కాళ్లకి రోలర్ స్కేట్లు కట్టి, సిమెంటు నేల మీద మళ్లీ మొదలుపెట్టారు. గంటకి 4, 5 మైళ్లయితే పర్వాలేదని తేలింది. తాడుకి కదలకుండా బిగించిన కుర్చీలుండే లిఫ్టులు స్కీయర్ల కోసం ఇవాళ్టికీ సుమారుగా ఆ వేగంతోనే నడుస్తున్నాయి. ఆ డిసెంబరులోనే సన్ వ్యాలీలో ఒక్కొక్కరు కూర్చునే కుర్చీలతో మొదటి లిఫ్టులు తిరిగాయి.

[తెర మీద: కాంప్లెక్స్ బయట మెల్లగా కదులుతున్న బస్సు, పరిగెత్తి ఎక్కుతున్న కుర్రాడు.]

అసలు అంత తిప్పలెందుకు, కుర్చీ ఆపి ఎక్కించుకోవచ్చుగా? ఆపలేరు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో పెట్టె ఒక్కటే. ఇక్కడ ఒకే తాడుకి వందకి పైగా కుర్చీలుంటాయి. ఒక్కరి కోసం ఆపితే అందరూ గాల్లో ఆగిపోతారు. కాబట్టి తాడు ఆగదు, మనమే రన్నింగ్‌లో ఎక్కాలి.

మరి చివర లేకుండా తిరిగే తాడుకి రెండు కొసలు ఎక్కడ కలిశాయి? ఈ ప్రశ్న పట్టుకుని కవిటిలో మా మావ దగ్గరికి వెళ్లాను. ఉద్దానం మనిషి, కొబ్బరిపీచు తాడు చేతులతోనే పేనతాడు.

[తెర మీద: మావ చేతులు, దగ్గరగా. రెండు తాళ్ల కొసలు పురి విప్పుతున్నాడు.]

"మావా, ముడెయ్యకుండా రెండు తాళ్లు కలపొచ్చా?"

"ముడేస్తే గిలకలో తగులుకుంటాది కదరా. పురి ఇప్పి, ఈ పాయ తీసిన గాడిలోకి ఆ పాయ ఎక్కించాల. ఎంత పొడుగు కలిపితే అంత గట్టి."

చైర్‌లిఫ్ట్ తాడుకి చేసేదీ అదే. ఉక్కు తీగలు మెలేసిన ఆరు పాయలు, నడిమిన ప్లాస్టిక్ బొడ్డు. రెండు కొసలూ విప్పి, ఒకవైపు పాయ తీసిన చోట రెండోవైపు పాయ పరుచుకుంటూ పోతారు. పాయల చివర్లని బొడ్డు తీసిన ఖాళీలోకి దూర్చేస్తారు. అతుకు పొడవు తాడు మందానికి కనీసం 1200 రెట్లు ఉండాలి. అంటే 40 మిల్లీమీటర్ల తాడుకి 48 మీటర్ల అతుకు! అయిపోయాక చెయ్యి పెట్టి తడిమినా ఎక్కడ కలిసిందో పట్టుకోవడం కష్టం.

ఇక తిప్పడం. కింద ఒకటి, పైన ఒకటి, పడుకోబెట్టిన పెద్ద చక్రాలు. మోటారు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం తాడుని లాగుతుంది. పళ్లు లేవు, కొక్కేలు లేవు, గాడిలో ఉన్న రబ్బరు రాపిడి ఒక్కటే ఆధారం. మొండి ఎద్దుని ఆపాలంటే పలుపు గుంజకి ఒక చుట్టు తిప్పి పట్టుకుంటాం కదా, చిన్నపిల్లాడు పట్టుకున్నా ఎద్దు ఆగుతుంది. అదే సూత్రం. కానీ పిల్లాడు పూర్తిగా వదిలేస్తే చుట్టు జారిపోతుంది. ఇక్కడ చక్రానికి తాడు సగం చుట్టే తిరుగుతుంది. ఆ సగం చుట్టు మీద, వదులువైపు బిగువుకి సుమారు రెండింతల దాకానే బిగువువైపు లాగగలం, అది దాటితే జారుతుంది. అందుకే వదులువైపు కూడా తాడు ఎప్పుడూ బిగిసే ఉండాలి. పాతవాటిలో ఒక చక్రాన్ని బరువైన దిమ్మ వేలాడదీసి వెనక్కి లాగేవారు, ఇప్పుడు ఎక్కువగా హైడ్రాలిక్ జాకీలు ఆ పని చేస్తున్నాయి.

దారి పొడుగునా స్తంభాల మీద గిలకల వరసలుంటాయి. తాడు గిలక మీద నుంచి తప్పుకుంటే ఏంటి గతి? గిలకల పక్కన సన్నటి పుల్లలాంటి కడ్డీ ఒకటి పెడతారు, లోపల కరెంటు పారుతుంటుంది. తప్పిన తాడు తగలగానే అది విరుగుతుంది, సర్క్యూట్ తెగుతుంది, మోటారు ఆగుతుంది. విరగడానికే పెట్టిన భాగం!

[తెర మీద: స్టేషన్ లోపల వరసగా తిరుగుతున్న చిన్న రబ్బరు టైర్లు.]

తాడు వేగంగా పోవాలి, మనిషి నెమ్మదిగా ఎక్కాలి. ఈ రెండూ కుదిరేలా చేసింది తాడుని వదిలి మళ్లీ పట్టుకునే కుర్చీ. స్టేషన్‌లోకి రాగానే స్ప్రింగు పట్టు తెరుచుకుంటుంది, టైర్ల వరస కుర్చీని సెకనుకి 5 మీటర్ల నుంచి 1 మీటరుకి తగ్గిస్తుంది, మనం తాపీగా కూర్చుంటాం. తర్వాత టైర్లే వేగం పెంచి మళ్లీ తాడుకి తగిలిస్తాయి. నలుగురు కూర్చునే ఇలాంటి హైస్పీడ్ లిఫ్ట్ మొదటిది 1981లో కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌లో వచ్చింది.

వేగం రెట్టింపైతే క్యూ సగమవుతుందనుకుంటాం. అవ్వదు. రథసప్తమి నాడు అరసవల్లి క్యూ గుర్తు తెచ్చుకోండి. మధ్యలో మీరు ఎంత గబగబా నడిచినా, గర్భగుడి ముందు నిమిషానికి ఎంతమందిని పంపుతున్నారన్నదే లెక్క. ఇక్కడా అంతే. 6 సెకన్లకి ఒక కుర్చీ, కుర్చీకి నలుగురు అంటే గంటకి 2400 మంది. తాడు సెకనుకి 2.5 మీటర్లు పోతే కుర్చీల మధ్య 15 మీటర్లు, 5 మీటర్లు పోతే 30 మీటర్లు. 1500 మీటర్ల దారికి, ఎక్కేవైపూ దిగేవైపూ కలిపి, మొదటి పద్ధతిలో 200 కుర్చీలు, రెండో పద్ధతిలో 100. ప్రయాణం మాత్రం 10 నిమిషాల నుంచి 5కి తగ్గుతుంది. పైకి చేరేది అంతే మంది.

ఆ మధ్య నేను ఒక కొండ మీద రోప్‌వేలో ఇరవై నిమిషాలు వేలాడాను. కరెంటు పోయింది. భయపడాల్సింది అది కాదని తర్వాత తెలిసింది. కరెంటు పోతే బ్రేకులు వాటంతటవే పడతాయి, డీజిల్ ఇంజను వేసి మెల్లగా దింపుతారు. అసలు భయం వెనక్కి జారడం. పైకెళ్లే కుర్చీల్లో మనుషులుంటారు, దిగేవి ఖాళీ. మోటారు, బ్రేకుల పట్టు తప్పితే ఆ బరువంతా తాడుని వెనక్కి లాగుతుంది. 2018 మార్చిలో జార్జియా దేశంలోని గుడౌరీలో ఇదే జరిగింది. కుర్చీలు వెనక్కి దూసుకొచ్చాయి, జనం దూకేశారు, కొందరికి దెబ్బలు తగిలాయి. అందుకే మామూలు బ్రేకుతో పాటు నేరుగా పెద్ద చక్రాన్నే పట్టేసే బ్రేకు ఇంకోటి ఉంటుంది.

మన దేశంలో మంచు మీద చైర్‌లిఫ్ట్ ఎక్కాలంటే గుల్మార్గ్, ఔలీ ఉన్నాయి. మంచు లేకపోయినా పర్వాలేదంటే బీహార్‌లోని రాజ్‌గిర్‌లో ఒక్కరే కూర్చునే పాత కుర్చీలున్నాయి.

[తెర మీద: మావ చేతిలో ఫోను. స్కీయర్లు పైన దిగి పక్కకి జారిపోతున్న వీడియో.]

మావ అంతా చూశాడు.

"బాగుందిరా. పైకెళ్లినోడు మరి కిందికి ఎలగొస్తాడు?"

"జారుకుంటూ వచ్చేస్తాడు మావా. వచ్చి మళ్లీ ఎక్కుతాడు."

"రోజంతా అదే పనా?"

"రోజంతా."

"దానికి కూలి ఎంతిస్తారేటి?"

"వాళ్లివ్వరు మావా, వీళ్లే టికెట్ కొనుక్కుంటారు."

మావ నా మొహంలోకి ఒకసారి చూసి, ఫోను నా చేతిలో పెట్టి, పీచు అందుకున్నాడు.