బాణం వదిలాక అరగంట ఆగాలి: టెక్సస్‌లో నాలుగు రోజుల వేట

హోస్ట్: అన్నా, మొన్న మీ పొలానికి అడవి పందుల్ని, చేపల్ని విల్లుతో వేటాడేవాళ్లు వచ్చారట?

అతిథి: అవును తమ్ముడూ, మే నెలలో ముగ్గురు వచ్చారు, మిషిగన్ నుంచి. నాతో ఇదివరకు పనిచేసిన అబ్బాయి, అతని బావ, బావ కొడుకు. వాళ్లకు జింకల వేట అలవాటే కానీ అడవి పందిని ఎప్పుడూ కొట్టలేదు. మా పొలం డాలస్‌కి దక్షిణంగా, ట్రినిటీ నదికి దగ్గర్లో ఉంది. పందులు రాత్రికి రాత్రి నేలంతా దున్నేసి పోతాయి. చిత్తూరులో శనక్కాయల చేను దగ్గర డబ్బా కొడుతూ మేలుకుని ఉండే నాన్నే గుర్తొస్తాడు.

హోస్ట్: మరి పర్మిషన్లు?

అతిథి: ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం ఉంది కదా, ఇష్టమొచ్చినట్టు వేటాడటానికి లేదు. టెక్సస్‌లో మాత్రం 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే పందికి హంటింగ్ లైసెన్సు అక్కర్లేదు. చేపకు మాత్రం ఫిషింగ్ లైసెన్సు ఉండాల్సిందే, బాణంతో కొట్టినా సరే. వాళ్లు బయల్దేరక ముందే తీసుకోమన్నా.

హోస్ట్: మొదటి రోజే ఏదో ఇబ్బందైందన్నారు?

అతిథి: అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. పందికి చూపు తక్కువ, ముక్కు మాత్రం చాలా చురుకు. అందుకే గాలి ఎటు వీస్తే దానికి తగ్గట్టు కూర్చోవడానికి రెండు చోట్ల ఏర్పాట్లు చేశా. సాయంత్రం బావగారు ఇరవై గజాల నుంచి కొట్టాడు, తగిలింది. తగలగానే ముగ్గురూ లైట్లు పట్టుకుని పరిగెత్తారు, నేనూ ఆపలేదు, తప్పు నాదే. తరుముతుంటే అది పొదల్లోకి ఇంకా దూరం పోయింది. పందికి కొవ్వెక్కువ, గాయం మూసుకుపోయి నెత్తురు జాడ కూడా సరిగ్గా ఉండదు. తెల్లారాక దొరికింది, ఆ వేడికి మాంసం పాడైపోయింది. ఒక ప్రాణం తీసి పారేయాల్సి వచ్చిందని ఆ అబ్బాయి పొద్దున టిఫిన్ కూడా తినలేదు. ఆ రోజు నుంచి బాణం తగిలిన చోటికి అరగంట దాకా ఎవ్వరూ వెళ్లకూడదని చెప్పేశా. మూడో రోజు కొట్టినది అరవై అడుగుల్లోనే దొరికింది. చేతులకు గ్లౌజులు వేసుకునే కోశాం, అడవి పందుల నుంచి బ్రూసెల్లోసిస్ అనే జబ్బు అంటుకునే ప్రమాదం ఉంది.

హోస్ట్: బాణంతో చేపలెలా కొడతారన్నా?

అతిథి: రాత్రి పడవకు లైట్లు కట్టుకుని లోతులేని నీళ్లలో నెమ్మదిగా పోవాలి. బాణం బరువుగా ఉంటుంది, వెనక ఈకలుండవు, తాడు కట్టి ఉంటుంది. ఆ తాడు విల్లుకు చిక్కుకుందంటే బాణం వెనక్కొచ్చి మొహానికే తగలొచ్చు, అందుకే తాడు విల్లుకు చిక్కుకోకుండా చూసే సేఫ్టీ స్లయిడ్ ప్రతి బాణానికీ ఉందో లేదో నేనే చూశా. ఇక నీళ్లలో చేప మనకు ఉన్నచోటు కంటే పైన కనిపిస్తుంది, కిందికి గురిపెట్టాలి. పిల్లాడికి ఇది పట్టుబడటానికి రాత్రంతా పట్టింది, చివర్లో ఒక బఫెలో చేపను కొట్టి అరిచిన అరుపు గట్టు మీద ఉన్న మా ఆవిడకు వినిపించింది!

హోస్ట్: అలిగేటర్ గార్ అనే పెద్ద చేపను కూడా కొట్టారా?

అతిథి: దాన్ని కొట్టొద్దని నేనే చెప్పా. రోజుకు ఒకటి కొట్టొచ్చు, రిపోర్టు చేయాలి, పెద్దవాటికి ట్రినిటీలో వేరే రూల్స్ కూడా ఉన్నాయి. కానీ అది యాభై ఏళ్లు దాటి బతికే చేప తమ్ముడూ. గాలానికి పడితే వదిలేయొచ్చు, బాణం దిగాక ఏం వదులుతాం? వాళ్లు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నారు, నాకు చాలా సంతోషమైంది.

హోస్ట్: కొట్టిన చేపలు?

అతిథి: ఒక్కటీ పారేయలేదు. బఫెలోకి మన బొచ్చెలాగే ముళ్లెక్కువ, మా ఆవిడ చింతపండు వేసి పులుసు పెట్టింది. మిగతావి, పంది మాంసం ఐసులో పెట్టి కట్టిచ్చాం. జనవరిలో మళ్లీ వస్తామన్నారు, ఈసారి ఆరు రోజులుండమన్నా, చలికి మాంసం అంత తొందరగా పాడవదు.