సమీకరణంలో బాణం గుర్తు వెనక ఏం జరుగుతుంది?

అందరికీ నమస్కారం.

రసాయన సమీకరణం రాసేటప్పుడు మధ్యలో ఒక బాణం గుర్తు వేస్తాం. ఎడమ పక్కన ఏమేం కలిపామో, కుడి పక్కన ఏం వచ్చిందో చెప్తాం. ఆ బాణం దగ్గర అణువులకు ఏమైందన్నది మాత్రం చాలాకాలం ఊహగానే ఉండిపోయింది. ఈరోజు నేను మాట్లాడేది దాని గురించే.

అణువులో పరమాణువులు సెకనుకు సుమారు కిలోమీటరు వేగంతో కదులుతాయి. బంధం తెగాలంటే అవి జరగాల్సిన దూరం మీటరును వెయ్యి కోట్ల భాగాలు చేస్తే అందులో కొన్ని భాగాలు, అంతే. కాబట్టి వ్యవహారం మొత్తం వంద, రెండు వందల ఫెమ్టోసెకన్లలో అయిపోతుంది. సెకను ముందు ఫెమ్టోసెకను ఎంతో, 3.2 కోట్ల సంవత్సరాల ముందు సెకను అంత.

ఇంత వేగాన్ని పట్టుకోవడానికి రెండు లేజర్ పల్సులు, అంటే అతి చిన్న వెలుగు మెరుపులు, వాడతారు. మొదటి పల్సు తగలగానే అణువు విడిపోవడం మొదలవుతుంది. రెండోది కాస్త ఆగి వచ్చి, అప్పటికి పరిస్థితి ఎలా ఉందో చూస్తుంది. మరి ఆ 'కాస్త'ను కొలిచేదెలా? ఏ ఎలక్ట్రానిక్ గడియారమూ అంత వేగంగా పనిచెయ్యదు. అందుకని రెండో పల్సును కొంచెం చుట్టు తిప్పి తీసుకొస్తారు. దారిలో ఉన్న అద్దాన్ని ఒక్క మైక్రోమీటరు వెనక్కి జరిపితే, వెలుగు వెళ్లి రావడానికి రెండు మైక్రోమీటర్లు ఎక్కువ పడుతుంది. అంటే దాదాపు 6.7 ఫెమ్టోసెకన్లు ఆలస్యం. కాలాన్ని దూరంతో కొలుస్తున్నారన్నమాట! ఈ రంగం మొత్తంలో ఇంత తేలికైన, ఇంత అందమైన ఉపాయం నాకు ఇంకోటి కనిపించదు.

ఈ పద్ధతితోనే ఈజిప్టులో పుట్టిన అహ్మద్ జెవైల్ 1980లలో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో అయోడిన్ సయనైడ్ విడిపోవడాన్ని చూశారు. దానికి పట్టింది సుమారు 200 ఫెమ్టోసెకన్లు. ఆ తర్వాత చేసిన సోడియం అయొడైడ్ ప్రయోగం ఇంకా గొప్పది. లేజర్ తగలగానే సోడియం, అయోడిన్ దూరం జరుగుతాయి. ఒక దూరం వచ్చాక సోడియం దగ్గరున్న ఎలక్ట్రాన్ అయోడిన్ మీదకు దూకే వీలుంటుంది. దూకిందా, ప్లస్ మైనస్ ఆకర్షణ రెండింటినీ వెనక్కి లాగేస్తుంది. దూకలేదా, అవి విడిపోతాయి. చాలా అణువులు వెనక్కి వస్తాయి, మళ్లీ వెళ్తాయి. ఒక్కో రాకపోకకు ఒక పికోసెకను (వెయ్యి ఫెమ్టోసెకన్లు) పైచిలుకు పడుతుంది. వెళ్లిన ప్రతిసారీ దాదాపు పదో వంతు మాత్రం తెగిపోతాయి. అందుకే గ్రాఫులో విడి సోడియం పరమాణువుల లెక్క నున్నగా కాకుండా మెట్లు మెట్లుగా పెరుగుతుంది. జెవైల్‌కు 1999లో నోబెల్ వచ్చింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది ఒక్క అణువుకు తీసిన వీడియో కాదు. లెక్కలేనన్ని అణువుల మీద, ఆలస్యాన్ని మారుస్తూ, మళ్లీ మళ్లీ చేసిన ప్రయోగం. పల్సు అన్నింటినీ ఒకేసారి కదిలిస్తుంది కాబట్టే ఆ మెట్లు కనిపించాయి. లేకపోతే అన్నీ కలగాపులగమై చెరిగిపోయేవి.

చూడటం అయింది. మనకు కావాల్సిన బంధాన్నే తెంపగలమా? లేజర్లు వచ్చిన కొత్తలో ఈ ఆశ బలంగా ఉండేది. చిక్కేమిటంటే, ఒక బంధానికి ఇచ్చిన శక్తి అక్కడే ఉండదు, కొన్ని పికోసెకన్లలోనే అణువంతా పాకిపోతుంది. చిన్న అణువుల్లో మాత్రం దారి దొరికింది. ఒక హైడ్రోజన్ బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న నీటి అణువు తీసుకుని, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్లెమింగ్ క్రిమ్ బృందం హైడ్రోజన్ వైపు బంధాన్ని లేజర్‌తో గట్టిగా కంపింపజేసింది. తర్వాత విడి హైడ్రోజన్ పరమాణువు వచ్చి ఢీకొంటే, ఎక్కువగా ఆ బంధమే తెగింది.

పెద్ద అణువులకు వేరే దారి. విడిపోయిన ముక్కలను చూస్తూ కంప్యూటరే పల్సు ఆకారాన్ని మార్చుకుంటూ పోతుంది. జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో 1998లో ఇలా చేసి, కోరిన ముక్కల పాళ్లు పెంచి చూపించారు. అయితే అలా దొరికిన పల్సు ఆకారం చాలా చిక్కుగా ఉంటుంది. అది పని చేస్తుందని తెలుస్తుంది గానీ, ఎందుకు చేస్తుందో విప్పి చెప్పడం దాన్ని వెతకడం కన్నా కష్టం.